ఫెయిలోవర్ క్లస్టరు

ఫెయిలోవర్ క్లస్టరు అనగా ఒక సర్వరు చెడిపోయినపుడు దాని పనిని మరొక సర్వరు అందుకొనేట్లుగా అనుసంధానించిన కంప్యూటర్ల సమూహం. సమూహంలోని ఒక్కొక్క కంప్యూటరును నోడు అంటారు. ఒక నోడు నుండి మరొక నోడుకు పని మారడమే ఫెయిలోవర్. నేటి క్లస్టర్లలో ఇలా మారేది చాలావరకు ఒక వర్చువల్ మెషీను, అనగా నిజమైన కంప్యూటరు లోపల సాఫ్టువేరుతో సృష్టించిన మరొక కంప్యూటరు. దాని డిస్కులోని సమాచారం ఎప్పటికప్పుడు రెండు నోడ్లలోనూ వ్రాయబడుతూ ఉంటుంది కాబట్టి, ఒక నోడు పోయినా రెండవ నోడు వద్ద ప్రతి సిద్ధంగా ఉంటుంది.

రెండు యంత్రాలను కొని పక్కపక్కన అమర్చడం సులభమే. అవతలి యంత్రం నిజంగా ఆగిపోయిందా, లేక ఆడుతూనే ఉన్నా దాని మాట ఇవతలికి వినబడడం లేదా అన్నది తేల్చుకోవడం మాత్రం కష్టం. క్లస్టరు నిర్వహణలోని నియమాలలో అధికభాగం ఈ ఒక్క సందేహం చుట్టూ అల్లుకొన్నవే.

నేపథ్యం

ఆగకుండా పనిచేసే కంప్యూటర్ల అవసరం మొదట బ్యాంకులకు, స్టాకు ఎక్స్ఛేంజీలకు కలిగింది. 1974లో స్థాపించబడిన టాండెం కంప్యూటర్స్ అనే అమెరికా సంస్థ 1976లో నాన్‌స్టాప్ అనే యంత్రాన్ని విక్రయించడం మొదలుపెట్టింది. అందులో ముఖ్యమైన ప్రతి భాగమూ జంటగా ఉండేది. 1983లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాక్స్‌క్లస్టరును ప్రవేశపెట్టింది. విడివిడి కంప్యూటర్లు కలిసి ఒకే వ్యవస్థగా నడవడం దీనితోనే వ్యాప్తిలోకి వచ్చింది. నోడ్లు ఓట్లు వేసుకొనే పద్ధతి అప్పటికే అందులో ఉంది. మైక్రోసాఫ్ట్ 1997లో విండోస్ ఎన్‌టీ 4.0 కోసం క్లస్టరు సర్వరును విడుదల చేసింది.

లినక్స్ ప్రపంచంలో అలన్ రాబర్ట్‌సన్ 1990ల చివర ప్రారంభించిన హార్ట్‌బీట్ అనే సాఫ్టువేరు ఈ పనికి పునాది వేసింది. అందులోని వనరుల నిర్వహణ భాగం తరువాత పేస్‌మేకర్ పేరుతో విడివడింది. నోడ్ల మధ్య సందేశాలు నడిపే పనిని కోరోసింక్ అనే మరొక సాఫ్టువేరు చేపట్టింది. గుండె చప్పుడు, పేస్‌మేకరు, మున్ముందు రాబోయే చీలిన మెదడు - ఈ శాస్త్రపు పేర్లన్నీ ఆసుపత్రి నుండి వచ్చినట్లే ఉంటాయి.

లభ్యత లెక్క

ఒక సేవ సంవత్సరంలో ఎంత కాలం అందుబాటులో ఉంటుందో శాతంలో చెప్పడం వాడుక. 99 శాతం అంటే వినడానికి బాగానే ఉంటుంది గాని, సంవత్సరానికి 3 రోజుల 15 గంటలకు పైగా సేవ ఆగిపోవచ్చునని దాని అర్థం. 99.9 శాతానికి సుమారు 8 గంటల 46 నిమిషాలు, 99.99 శాతానికి సుమారు 53 నిమిషాలు, 99.999 శాతానికి 5 నిమిషాల పైచిలుకు.

ఒక్కొక్కటి 99 శాతం నమ్మదగిన రెండు సర్వర్లను జత చేస్తే, రెండూ ఒకేసారి ఆగే సంభావ్యత 1 శాతంలో 1 శాతం. కాబట్టి లభ్యత 99.99 శాతం కావాలి. పాఠ్యపుస్తకంలో ఈ లెక్క సరైనదే. అయితే రెండు ఘటనలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే సంభావ్యతలను గుణించాలని ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా తెలుసు. రెండు సర్వర్లకూ ఒకే కరెంటు తీగ, ఒకే నెట్‌వర్కు స్విచ్చి, ఒకే సాఫ్టువేరు దోషం, ఒకే నిర్వాహకుని పొరపాటు ఉన్నపుడు ఆ గుణకారం చెల్లదు. పైగా రెండింటినీ కలిపే క్లస్టరు సాఫ్టువేరు కూడా చెడిపోగల మరొక వస్తువే. సరిగా అమర్చని క్లస్టరు ఒంటరి సర్వరు కంటే తక్కువ నమ్మదగినది కావడం అరుదేమీ కాదు.

నిల్వకు ప్రతిరూపం

రెండు నోడ్లకూ ఒకే సమాచారం అందాలంటే రెండు మార్గాలున్నాయి. మొదటిది, రెండింటికీ బయట ఒక పెద్ద నిల్వ యంత్రాన్ని ఉంచి రెండూ దానినే వాడుకొనడం. ఇది ఖరీదైనది; పైగా ఆ ఒక్క యంత్రం చెడిపోతే అంతా ఆగుతుంది. రెండవది, ఏ నోడు డిస్కు దానికే ఉంచి, ఒకదానిలో వ్రాసిన ప్రతి అక్షరాన్నీ నెట్‌వర్కు ద్వారా రెండవదానిలో కూడా వ్రాయడం. దీనినే నిల్వ ప్రతిరూపణ అంటారు.

రెండవ మార్గానికి బాగా తెలిసిన సాధనం డీఆర్‌బీడీ. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఫిలిప్ రైస్నర్ తన పట్టా కోసం చేసిన పనిగా ఇది మొదలైంది. తరువాత అదే నగరానికి చెందిన లిన్‌బిట్ సంస్థ దీనిని పెంచి పోషించింది. 2010లో వెలువడిన లినక్స్ కెర్నెల్ 2.6.33లో ఇది చేరింది. ఫైల్ సిస్టమ్‌కు, అసలు డిస్కుకు మధ్య ఒక పొరలా కూర్చొని, పైనుండి వచ్చిన ప్రతి వ్రాతనూ ఇక్కడి డిస్కుకు, అవతలి నోడుకు పంపుతుంది. సాధారణ పరిస్థితిలో ఒక నోడు ప్రధానంగా, మరొకటి ద్వితీయంగా ఉంటుంది. వ్రాసే హక్కు ప్రధాన నోడుకే కలదు. తొలి రూపాలలో ఇది రెండు నోడ్లకే పరిమితం. తొమ్మిదవ రూపం నుండి 32 నోడ్ల వరకు వీలుంది.

"వ్రాత పూర్తయింది" అని ఎప్పుడు ప్రకటించాలన్న విషయంలో డీఆర్‌బీడీ మూడు పద్ధతులను ఇస్తుంది. వాటికి ఏ, బీ, సీ అని పేర్లు. తపాలాతో పోల్చి చూస్తే ఇవి తేలికగా అర్థమవుతాయి. ఏ పద్ధతిలో ఉత్తరాన్ని తపాలా పెట్టెలో వేయగానే పని అయినట్లే. బీ పద్ధతిలో అది అవతలి ఇంటి గుమ్మానికి, అనగా అవతలి నోడు మెమరీలోకి చేరాలి. సీ పద్ధతిలో రిజిస్టరు ఉత్తరంలా, అందుకొన్నవారి సంతకంతో రసీదు తిరిగి రావాలి. అవతలి డిస్కులో వ్రాసిన తరువాతనే పని పూర్తయినట్లు. ఒకే గదిలోనో ఒకే భవనంలోనో ఉన్న క్లస్టర్లకు సీ పద్ధతినే వాడతారు. డబ్బు, మార్కులు, రోగుల వివరాలు వంటివి నిలువచేసే చోట ఇంకొక పద్ధతిని ఎన్నుకొనడానికి బలమైన కారణం ఉండాలి.

దూరం పెరిగితే రసీదు కోసం నిరీక్షణ పెరుగుతుంది. గాజు తంతువులో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 100 కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి 1 మిల్లీసెకండు, 1000 కిలోమీటర్లకు 10 మిల్లీసెకండ్లు తప్పవు. ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే జరుగవలసిన వ్రాతలైతే 1000 కిలోమీటర్ల దూరాన సెకండుకు 100 కంటే ఎక్కువ సాగవు. ఎంత ధర పెట్టినా ఈ హద్దును దాటించే యంత్రం దొరకదు. అందుకే దూరప్రాంతపు ప్రతికి సాధారణంగా ఏ పద్ధతిని, లేదా అటువంటి మరొక ఆలస్యపు పద్ధతిని వాడి, ప్రమాదం జరిగితే చివరి కొన్ని క్షణాల సమాచారం పోవచ్చునని ముందే ఒప్పుకొంటారు.

ద్వితీయ నోడు కొంతసేపు దూరమైతే, ఆ వ్యవధిలో డిస్కులో ఏయే భాగాలు మారాయో ప్రధాన నోడు ఒక పటంలో గుర్తించుకొంటుంది. 4 కిలోబైట్ల భాగానికి ఒక బిట్టు చొప్పున 1 టెరాబైటు డిస్కుకు 32 మెగాబైట్ల పటం చాలు. తిరిగి కలిసినపుడు ఆ భాగాలను మాత్రమే పంపుతారు. ఈ పటం లేకపోతే 1 టెరాబైటు మొత్తాన్నీ సెకండుకు 1 గిగాబిట్టు నెట్‌వర్కులో పంపడానికి 2 గంటలకు పైగా పడుతుంది. అయితే ఈ పునస్సమీకరణ సాగుతున్నంతసేపు ద్వితీయ ప్రతిలో కొంత పాత సమాచారం, కొంత కొత్త సమాచారం కలగలసి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ప్రధాన నోడు పోతే, ఆ సగం ప్రతి ఎందుకూ కొరగాదు. జాగ్రత్తగల నిర్వాహకులు పునస్సమీకరణకు ముందు ద్వితీయ నోడులోని పాత ప్రతిని స్నాప్‌షాట్‌గా పట్టి ఉంచే ఏర్పాటు చేస్తారు. పాతదైనా పూర్తిగా ఉన్న ప్రతి అతుకుల ప్రతి కంటే మేలు.

వర్చువల్ మెషీన్ల తరలింపు

ఫెయిలోవర్‌కు, తరలింపుకు తేడా కలదు. నోడు హఠాత్తుగా ఆగినపుడు దానిలోని వర్చువల్ మెషీను మెమరీ పోతుంది. రెండవ నోడులో అది కరెంటు పోయి వచ్చిన కంప్యూటరులా మొదటి నుండి లేస్తుంది. డిస్కు ప్రతి ఉన్నందున వ్రాసినది నిలుస్తుంది, వ్రాయనిది పోతుంది. వాడుకరులకు ఒకటి రెండు నిమిషాల అంతరాయం కనిపించవచ్చు.

రెండు నోడ్లూ క్షేమంగా ఉన్నపుడు, మరమ్మతు కోసమో భారం తగ్గించడం కోసమో వర్చువల్ మెషీనును ఆపకుండానే మార్చవచ్చు. దీనిని లైవ్ మైగ్రేషన్ అంటారు. మెషీను నడుస్తూ ఉండగానే దాని మెమరీని అవతలికి పంపుతారు. పంపేలోగా మారిన పుటలను మళ్ళీ పంపుతారు. మిగిలినది కొద్దిపాటి అయినపుడు మెషీనును క్షణకాలం నిలిపి, ఆ శేషాన్ని పంపి, అవతల కొనసాగిస్తారు. 8 గిగాబైట్ల మెమరీని సెకండుకు 1 గిగాబిట్టు నెట్‌వర్కులో ఒక్క విడత పంపడానికే సుమారు 70 సెకండ్లు పడుతుంది. పంపే వేగం కంటే మెమరీ మారే వేగం ఎక్కువైతే తరలింపు ఎప్పటికీ ముగియదు. డీఆర్‌బీడీతో ఈ తరలింపు చేయాలంటే కొద్దిసేపు రెండు నోడ్లకూ ప్రధాన హోదా ఇవ్వవలసి ఉంటుంది. ఆ అనుమతిని పని కాగానే వెనక్కు తీసుకొనాలి.

చీలిన మెదడు

ఒక కళాశాల ప్రవేశాల సర్వరును ఊహించుకుందాం. అది రెండు నోడ్ల క్లస్టరు. నోడ్ల మధ్య తీగ ఊడిపోయింది; కాని బయటి ప్రపంచానికి రెండూ అందుబాటులోనే ఉన్నాయి. రెండవ నోడుకు మొదటిదాని చప్పుడు వినబడలేదు. అది పోయిందనుకొని తానే ప్రధానమని ప్రకటించుకొంది. మొదటిది మాత్రం యథాప్రకారం పనిచేస్తూనే ఉంది. మిగిలిన ఒక్క సీటును మొదటి నోడు ఒక విద్యార్థికి, రెండవ నోడు మరొక విద్యార్థికి కేటాయించాయి. ఇద్దరికీ రసీదులు అందాయి. సాయంత్రం తీగను తిరిగి బిగించారు. ఇప్పుడు ఏ డిస్కు సరైనది?

ఈ స్థితినే స్ప్లిట్ బ్రెయిన్, అనగా చీలిన మెదడు అంటారు. రెండు ప్రతులను కలపగల యాంత్రిక పద్ధతి లేదు. డీఆర్‌బీడీకి తెలిసినది డిస్కు భాగాలే. సీటు అంటే, విద్యార్థి అంటే దానికి తెలియదు. అందువలన అది రెండు ప్రతులు విడిపోయినట్లు గుర్తించి, అనుసంధానాన్ని నిరాకరించి, మనిషి కోసం ఎదురుచూస్తుంది. నిర్వాహకుడు ఒక నోడును ఎన్నుకొని దాని మార్పులను రద్దు చేయమని ఆజ్ఞాపించాలి. ఆ నోడులో సీటు పొందిన విద్యార్థి పేరు ఆ ఆజ్ఞతో తుడిచిపెట్టుకు పోతుంది. కనుక ఆజ్ఞకు ముందు ఓడిపోబోయే డిస్కును వేరొక చోట నకలు తీసుకొని, తేడాలను చేతితో పరిశీలించడం తప్పనిసరి.

చప్పుడు వినబడలేదంటే యంత్రం చనిపోయిందో, నెమ్మదించిందో ఖచ్చితంగా చెప్పలేకపోవడం సాఫ్టువేరు లోపం కాదు. సందేశాలకు కాలపరిమితి లేని వ్యవస్థలో ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశం ఉన్నా, మిగిలినవి తప్పక ఏకాభిప్రాయానికి వస్తాయని హామీ ఇచ్చే నిర్ణీత పద్ధతి ఉండదని మైకెల్ ఫిషర్, నాన్సీ లించ్, మైకెల్ ప్యాటర్సన్ 1985లో గణితపరంగా నిరూపించారు. ఆచరణలో కొన్ని సెకండ్ల గడువు పెట్టుకొని, అది దాటితే పోయినట్లు భావిస్తారు. గడువు చిన్నదైతే బ్రతికున్నదాన్ని చంపినట్లవుతుంది. పెద్దదైతే సేవ ఆలస్యమవుతుంది.

కోరం, ఫెన్సింగ్

చీలికకు మొదటి విరుగుడు కోరం. శాసనసభలో కోరం లేనిదే సభ సాగనట్లు, సగానికి మించిన ఓట్లు లేని నోడ్ల గుంపు పని ఆపివేయాలి. 3 నోడ్లలో 2, 5 నోడ్లలో 3 ఉండాలి. 4 నోడ్లకు 3 కావలసి రావడం వలన, 3 నోడ్ల క్లస్టరు లాగానే అది కూడా ఒక్క నోడు నష్టాన్ని మాత్రమే తట్టుకొంటుంది. 2 నోడ్ల క్లస్టరులో తీగ తెగితే రెండు పక్కలా ఒక్కొక్క ఓటే మిగులుతుంది. అందుకే మూడవ ఓటు కోసం ఒక చిన్న సాక్షి యంత్రాన్ని పెడతారు. అది ఆ రెండింటిలో దేని కరెంటు మీదా, దేని స్విచ్చి మీదా ఆధారపడకూడదు. సాక్షియంత్రాన్ని అదే క్లస్టరులో ఒక వర్చువల్ మెషీనుగా పెట్టిన వారున్నారు. వాది ఇంట్లో అద్దెకున్న సాక్షి వంటిది అది.

రెండవ విరుగుడు ఫెన్సింగ్. అవతలి నోడు పోయిందని భావించినపుడు, దాని పనిని అందుకొనే ముందు అది నిజంగా పోయేట్లు చేయడం. సాధారణంగా సర్వరులో ఉండే నిర్వహణ చిప్పు ద్వారానో, కరెంటు పలక ద్వారానో దానిని ఆర్పివేస్తారు. దీనికి స్టోనిత్ అని ముతక హాస్యపు పేరు. "రెండవ నోడు నెత్తిన కాల్చు" అనే అర్థమిచ్చే ఆంగ్ల వాక్యంలోని తొలి అక్షరాల కూర్పు. సందేహాన్ని నిశ్చయంగా మార్చే సాధనం ఇదొక్కటే. ఆర్పివేత విజయవంతమైనట్లు జవాబు రానిదే పేస్‌మేకర్ ముందుకు కదలదు. నిర్వహణ చిప్పు కూడా సర్వరు కరెంటు మీదే నడుస్తున్నపుడు, కరెంటు పోతే చిప్పు జవాబివ్వదు, క్లస్టరు నిలిచిపోతుంది. నిర్వాహకునికి విసుగు కలిగించినా ఆ నిలిచిపోవడం సరైన ప్రవర్తనే. రెండవ మార్గంగా కరెంటు పలకను కూడా జోడించడం దీనికి పరిష్కారం.

పేస్‌మేకర్‌లో స్టోనిత్ మొదటి నుండి చేతనమై ఉంటుంది. దానిని అమర్చేవరకు క్లస్టరు ఏ సేవనూ ప్రారంభించదు. నేర్చుకొనేవారు ఈ అడ్డంకిని దాటడానికి స్టోనిత్‌ను ఆపివేస్తారు. బోధించే పాఠాలలో కూడా అలాగే ఉంటుంది. ప్రయోగశాలలో అది చెల్లుతుంది. నిజమైన సమాచారం ఉన్న చోట అలా వదిలివేస్తే, క్లస్టరు మొదటి నెట్‌వర్కు అంతరాయం వరకు మాత్రమే బాగా పనిచేస్తుంది.

రెండు ఘటనలు

సాఫ్టువేరు రచనలను భద్రపరచే గిట్‌హబ్ సంస్థ తన వైఫల్యాలను బహిరంగంగా వివరించడం విద్యార్థులకు మేలు చేసింది. 2012 డిసెంబరు 22న ఆ సంస్థ నెట్‌వర్కు స్విచ్చీల మీద పని జరుగుతుండగా నెట్‌వర్కు కొద్దిసేపు స్తంభించింది. వారి ఫైలు సర్వర్లు జంటలుగా పేస్‌మేకర్, హార్ట్‌బీట్, డీఆర్‌బీడీలతో నడిచేవి. చాలా జంటలలో ఒకరి చప్పుడు ఒకరికి వినబడలేదు. నెట్‌వర్కు తిరిగి వచ్చేసరికి కొన్ని జంటలలో రెండు నోడ్లూ ఒకదానినొకటి ఆర్పుకొన్నాయి. ఏ ప్రతి తాజాదో నిర్ధారించుకొంటూ వాటిని లేపడానికి గంటలు పట్టింది. ఇటువంటి పరస్పర సంహారాన్ని నివారించడానికి ఒక నోడు ఆర్పివేత ఆజ్ఞకు కొన్ని సెకండ్ల ఆలస్యాన్ని జోడించే పద్ధతి ఉంది; ఇద్దరిలో ఒకరే ముందు కాలుస్తారు.

2018 అక్టోబరు 21 నాటి ఘటన మరింత ప్రసిద్ధం. అమెరికా తూర్పు తీరంలోని ఆ సంస్థ కేంద్రానికి సంబంధాలు 43 సెకండ్లు తెగాయి. స్వయంచాలక ఫెయిలోవర్ సాఫ్టువేరు పశ్చిమ తీరంలోని డేటాబేసులను ప్రధానంగా ప్రకటించింది. అప్పటికే తూర్పున వ్రాసిన కొద్ది సమాచారం పడమరకు చేరలేదు. పడమర కొత్త వ్రాతలు మొదలయ్యాయి. ఇక ఏ పక్కకు తిరిగినా కొంత నష్టమే. సమాచారాన్ని కాపాడడానికి సేవను కుంటుపరచుకొని 24 గంటల 11 నిమిషాలు శ్రమించారు. అక్కడ వాడినది డిస్కు ప్రతిరూపణ కాదు, డేటాబేసు ప్రతిరూపణ. చీలిక స్వభావం మాత్రం ఒక్కటే.

గానెటి

ఫెయిలోవర్ ఎప్పుడూ స్వయంచాలకంగానే జరగాలన్న నియమం లేదు. గూగుల్ 2007లో బహిరంగపరచిన గానెటి అనే సాఫ్టువేరు వేరొక దారి పట్టింది. ఇది వర్చువల్ మెషీన్లను జెన్ లేదా కేవీఎం మీద నడిపి, వాటి డిస్కులను డీఆర్‌బీడీ ద్వారా రెండు నోడ్లలో ఉంచుతుంది. ప్రతి మెషీనుకు ఒక ప్రధాన నోడు, ఒక ద్వితీయ నోడు ఉంటాయి. నోడు పోయినపుడు గానెటి మామూలుగా తనంతట తాను మెషీన్లను మార్చదు. నిర్వాహకుడు పరిశీలించి ఆజ్ఞ ఇవ్వాలి. అర్ధరాత్రి లేవవలసి వచ్చినా, నోడు నిజంగా ఆరిపోయిందో లేదో కంటితో చూసినవాడు చీలికకు తావివ్వడు. పది నిమిషాల అంతరాయాన్ని భరించగల సేవలకు ఇది సమంజసమైన ఎంపిక.

గానెటి తనిఖీ ఆజ్ఞ చూసే విషయాలలో ఒకటి ప్రత్యేకంగా చెప్పదగినది. ఏదైనా ఒక నోడు పోతే దాని మెషీన్లన్నిటికీ చాలినంత మెమరీ మిగిలిన నోడ్లలో ఉన్నదా అని అది లెక్కిస్తుంది. క్లస్టర్లు చాలా వరకు ఈ పరీక్షలోనే తప్పుతాయి. ఖాళీగా ఉన్న మెమరీని చూసి యాజమాన్యం కొత్త మెషీన్లను చేరుస్తూ పోతుంది; ఆపదకు దాచినది అలా ఖర్చైపోతుంది.

నిర్వహణ

క్లస్టరుకు అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి నిశ్శబ్దంగా వస్తుంది. ద్వితీయ ప్రతి అనుసంధానం తెగి వారాలు గడిచినా ప్రధాన నోడు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ లోటు కనబడదు. అందువలన సేవ నడుస్తున్నదా అని చూసే హెచ్చరికలతో పాటు, రెండు ప్రతులూ అనుసంధానమై తాజాగా ఉన్నాయా అని చూసే హెచ్చరికలు కూడా ఉండాలి. డీఆర్‌బీడీలో రెండు ప్రతులను భాగం వెంట భాగం సరిపోల్చే ఆజ్ఞ ఉంది. అది తేడాలను గుర్తిస్తుంది గాని తనంతట తాను సరిచేయదు.

నోడుకు మరమ్మతు చేయవలసినపుడు ముందు దానిలోని మెషీన్లను తరలించి, నోడును స్టాండ్‌బైలో ఉంచి, పని ముగిసిన తరువాత పునస్సమీకరణ పూర్తయ్యేవరకు వేచి, అప్పుడే రెండవ నోడును ముట్టుకొనాలి. తొందరపడి రెండవదాన్ని ఆపితే పైన చెప్పిన సగం ప్రతి చేతికి మిగులుతుంది. క్లస్టరు సాఫ్టువేరునే మార్చేటపుడు మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టడం వలన అది సేవలను వాటి మానాన వదిలివేస్తుంది.

పరీక్ష విషయంలో ఒక భేదం గమనించాలి. నోడును మర్యాదగా ఆపితే అది వెళ్ళే ముందు మిగిలినవాటికి చెప్పి వెళుతుంది. నిజమైన ప్రమాదం చెప్పి రాదు. కనుక కరెంటు తీగను లాగడం, నెట్‌వర్కు తీగను మాత్రమే లాగడం - ఈ రెండు పరీక్షలూ వేర్వేరుగా చేయాలి. రెండవ పరీక్షలోనే ఫెన్సింగ్ సరిగా ఉన్నదీ లేనిదీ బయటపడుతుంది.

ప్రతిరూపం బ్యాకప్ కాదు. పొరపాటున తుడిచిన ఫైలు రెండవ డిస్కులో కూడా అదే క్షణంలో తుడిచిపెట్టుకు పోతుంది. సీ పద్ధతి ఈ విషయంలో మరీ విధేయమైనది. వైరసు గుప్తీకరించిన సమాచారం కూడా అంతే నమ్మకంగా అవతలికి చేరుతుంది. పాత తేదీల ప్రతులు క్లస్టరుకు వెలుపల, క్లస్టరు నిర్వాహకుని ఒక్క ఆజ్ఞతో చెరిగిపోని చోట ఉండాలి.

వికీమీడియాలో

తెలుగు వికీపీడియాతో సహా వికీమీడియా ప్రాజెక్టులన్నిటికీ రెండు ప్రధాన డేటా కేంద్రాలున్నాయి: ఒకటి వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో, మరొకటి టెక్సస్‌లోని క్యారల్టన్‌లో. చిన్న సేవల వర్చువల్ మెషీన్ల కోసం వికీమీడియా గానెటిని వాడుతుంది. వికీల పూర్తి భారాన్ని ఒక కేంద్రం నుండి మరొకదానికి మార్చడాన్ని 2016 ఏప్రిల్‌లో మొదటిసారి చేశారు. 2023 నుండి దీనిని ఏటా రెండుసార్లు, మార్చిలోను సెప్టెంబరులోను చేస్తున్నారు. ముందుగా తేదీ ప్రకటించి చేస్తారు కనుక దీనిని ఫెయిలోవర్ అనరు, స్విచోవర్ అంటారు. డేటాబేసులలో వ్రాసే హక్కు ఒక కేంద్రం నుండి మరొకదానికి మారే ఆ కొద్ది నిమిషాలు వికీలను చదవడానికే వీలుంటుంది. ఆ సమయంలో దిద్దుబాటు చేయబోయిన సభ్యులకు, కొంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించమనే సూచన కనబడుతుంది.